బంతిని వదలడం నేర్పిన గురువు

గత విద్యాసంవత్సరంలో జరిగిన అంతర కళాశాలల ఫుట్‌బాల్ పోటీలలో మన జట్టు తొలి ఆటలోనే ఓడి తిరిగి వచ్చింది. ఆటలో ఓటమి సహజమే. కాని ఆ ఓటమిలో నా పాలు కూడా ఉన్నది గనుక ముందుగా దానిని గురించి నాలుగు మాటలు చెప్పి అసలు విషయానికి వస్తాను.

ఆ సంవత్సరం క్రీడల బాధ్యతను కళాశాల వారు నాకు అప్పగించారు. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి. మైదానంతో నా పరిచయం గట్టుమీద కూర్చుని చూచేవాడి పరిచయమే. జట్టుకు నాయకుణ్ణి ఎన్నుకోవలసి వచ్చినప్పుడు, నా తరగతిలో చక్కగా మాట్లాడేవాడూ, బంతితో అందరికంటె ఎక్కువ విన్యాసాలు చేయగలవాడూ అయిన ఒక విద్యార్థిని ఎన్నుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు. జట్టులో ఉర్దూ మాధ్యమం విద్యార్థులు ఆరుగురు, తెలుగు మాధ్యమం వారు అయిదుగురు. ఆట మొదలైన పది నిమిషాలకే ఒక సంగతి నా కంటబడింది. ఉర్దూ విద్యార్థి బంతిని ఉర్దూ విద్యార్థికే అందిస్తున్నాడు. తెలుగు విద్యార్థి తెలుగు విద్యార్థికే. కేకలు కూడా రెండు భాషలలో, రెండు గుంపులుగా వినిపిస్తున్నాయి. మధ్యలో నాయకుడు ఎవరికీ బంతి ఇవ్వకుండా ముగ్గురిని దాటి, నాలుగోవాడి కాళ్ళకు దానిని అప్పగిస్తున్నాడు. మైదానంలో మనవాళ్ళు పదకొండుమంది ఉన్నారు. జట్టు మాత్రం లేదు.

తిరుగు ప్రయాణంలో బస్సు వెనుక భాగాన వాదులాట మొదలైంది. “వాళ్ళు మాకు బంతి ఇవ్వలేదు సార్” అని ఒక పక్షం. “అడిగితే గదా ఇచ్చేది” అని రెండో పక్షం. గోలు కాచిన కుర్రవాడు మాత్రం కిటికీ పక్కన కూర్చుని మాట్లాడకుండా బయటికి చూస్తున్నాడు. ఆటంతా అతని కళ్ళముందే జరిగింది. అతణ్ణి అడగాలని నాకు ఆనాడు తోచలేదు. జట్టు అనేది ఎలా తయారవుతుంది, దానిని తయారుచేసే మనిషి చేసే పని ఏమిటి అనే ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. దానికి సమాధానం వెదకుతూ చదివినదే ఈ వ్యాసం.

యారాడ ఒడ్డున

కొన్ని వారాల తరువాత ఆ విద్యార్థులనే వెంటబెట్టుకుని ఒక ఆదివారం యారాడ వెళ్ళాను. విశాఖ రేవు ముఖద్వారాన కాపలా ఉన్నట్లు నిలిచిన డాల్ఫిన్ నోస్ కొండకు అవతలి పక్కన ఉన్నది యారాడ. కొండ ఎక్కి దిగితే మూడు వైపుల పచ్చని కొండలు, నాలుగో వైపు బంగాళాఖాతం. మేము చేరేసరికి ఒడ్డున పెద్ద వల లాగుతున్నారు.

ఈ వల లాగే తీరు చూడదగినది. తాడు ఒక కొన ఒడ్డున ఉంచి, పడవమీద వలను సముద్రంలో అర్ధచంద్రాకారంగా విడిచి, రెండో కొనను దూరంగా మరోచోట ఒడ్డుకు తెస్తారు. ఒక్కొక్క కొన దగ్గర ఒక్కొక్క బృందం. ఇద్దరూ ఒకే లయలో లాగుతూ, క్రమంగా ఒకరికొకరు దగ్గరవుతారు. ఒక పక్క వారు బలం కొద్దీ ముందుగా లాగితే వల ఒరిగిపోతుంది; చేప జారిపోతుంది. బలం ఎక్కువైనా నష్టమే అన్నమాట! రెండు బృందాలకు నడుమ ఇసుకమీద ఒక పెద్దాయన అటూ ఇటూ నడుస్తూ చేయి ఊపుతున్నాడు. తాడు ముట్టుకోవడం లేదు. మా విద్యార్థి ఒకడు ఆగలేక, “తాతా, నువ్వు లాగవా?” అని అడిగాడు. ఆయన వలమీద నుంచి చూపు తిప్పకుండానే, “నానూ లాగితే ఆ కొస ఎవులు సూత్తారు బాబూ?” అన్నాడు.

నాయకత్వాన్ని గురించి నేను చదివిన నిర్వచనాలలో ఇంత చిన్నది, ఇంత నిండైనది మరొకటి లేదు. రెండు కొనలనూ ఒకేసారి చూడవలసినవాడు ఒకడు ఉండాలి. ఆ చూపు కలవాడు తన బలం చూపించుకునే కోరికను అణచుకోవాలి. మన తెలుగు నేలమీద ఈ పని ఫుట్‌బాల్ మైదానంలో చేసి చూపించినవాడు ఒకాయన ఉన్నారు. ఆయన వృత్తిరీత్యా బడిపంతులు కావడం నాకు మరింత ఆసక్తి కలిగించింది.

బడి నుంచి మైదానానికి

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదులో 1909 ఆగస్టు 17న జన్మించారు. ఆటగాళ్ళకూ అభిమానులకూ ఆయన ‘రహీం సాబ్’. ఉర్దూ బోధనా భాషగా 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి పట్టభద్రులయ్యారు. అక్కడి జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. తరువాత ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించి కాచిగూడ మిడిల్ స్కూలులోను, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలోను పనిచేశారు. వ్యాయామ విద్యలో శిక్షణ పొంది బడిపిల్లల ఆటల బాధ్యత కూడా వహించారు. 1940ల తొలి సంవత్సరాల నుంచి తుదిశ్వాస విడిచేవరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు.

1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ ఆయన చేతికి వచ్చింది. ఆ ఏడే ఆ జట్టు కలకత్తా మహాజట్టు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరాలు తీసుకువచ్చింది. భారత ఫుట్‌బాల్‌కు కలకత్తాయే రాజధాని అని అందరూ అనుకునే రోజులవి. ఆ రాజధానికి దక్షిణాన మరొక రాజధాని వెలిసినట్లయింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడలలో రహీం శిక్షణలో భారత జట్టు ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణం గెలుచుకున్నది. ఆ గోలు చేసినవాడు మేవాలాల్.

రహీం గారు ఒక విజయానికి ఉప్పొంగి అక్కడే ఆగిపోయినవారు కారు. తరగతి గదిలో మంచి ఉపాధ్యాయుడు ఏటేటా పాఠాన్ని సరిదిద్దుకున్నట్లే ఆయన ఆటను సరిదిద్దుతూ వచ్చారు. మన విద్యార్థులకు పనికివచ్చేది ఆ సరిదిద్దిన పద్ధతే.

డ్రిబ్లింగ్ లేని ఆట

బంతిని కాలికి అంటిపెట్టుకుని ప్రత్యర్థులను తప్పించుకుంటూ నడిపించడాన్ని డ్రిబ్లింగ్ అంటారు. చూచేవారికి అది కన్నులపండువ. చప్పట్లు దానికే మోగుతాయి. ఆ రోజులలో మన దేశపు ఆటగాడికి అదే గర్వకారణం. రహీం గారు సరిగా దానిమీదనే చేయి వేశారు. హైదరాబాదులో ఆయన డ్రిబ్లింగ్ నిషిద్ధమైన పోటీలు ఏర్పాటు చేశారు. బంతి కాలికి తగలగానే మరొకరికి అందించి తీరాలి.

ఈ ఒక్క నియమం ఆటగాడిలో ఎంత మార్పు తెస్తుందో ఆలోచించండి. బంతి వచ్చిన తరువాత ఎవరికి ఇవ్వాలా అని దిక్కులు చూచే వ్యవధి ఇక లేదు. అందుచేత బంతి రాకముందే తల ఎత్తి మైదానం చూడాలి. ఇచ్చిన తరువాత చేతులు కట్టుకుని నిలబడితే పని జరగదు. మళ్ళీ అందుకోవడానికి ఖాళీ చోటికి పరుగెత్తాలి. బంతి లేని తొమ్మిదిమంది కూడా కదలాలి. లేకుంటే బంతి ఉన్నవాడికి దారి లేదు. ఇంతవరకు బంతి ఉన్నవాడిదే ఆట. ఈ నియమంతో బంతి లేనివాడిది కూడా ఆట అయింది.

ఆయన ఏర్పాటు చేసిన మరో పోటీ ఇంకా విచిత్రమైనది. అందులో ప్రతివాడూ తనకు అలవాటు లేని కాలితోనే బంతి తన్నాలి. కుడికాలివాటం వాడు ఎడమకాలితో, ఎడమకాలివాటం వాడు కుడికాలితో. ఒక్క కాలే పనిచేసే ఆటగాడికి మైదానంలో సగమే కనిపిస్తుంది. రెండో సగం కూడా చూపించడమే దీని ప్రయోజనం. ఒక ఉపాధ్యాయుడిగా నాకు ఇందులో మరొక లాభం కూడా కనబడుతున్నది. అలవాటు లేని కాలితో ఆడేటప్పుడు మొనగాడూ తడబడతాడు, కొత్తవాడూ తడబడతాడు. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే తరగతి విద్యార్థులు. నేర్చుకోవడంలో సిగ్గు లేదని మొనగాడికీ, మొనగాడు కూడా మనిషేనని కొత్తవాడికీ ఒకేసారి తెలిసివస్తుంది. ఉపన్యాసాలతో రాని వినయం ఒక ఆటతో వస్తుంది.

బలవంతమైన పామును చీమలు చంపిన సంగతి చెప్పే సుమతీ శతక పద్యం మనమందరం చిన్ననాడు వల్లెవేసినదే. ఐకమత్యాన్ని గురించి మనకు పద్యాలకు కొదువ లేదు. ఐకమత్యాన్ని అలవాటుగా మార్చే కసరత్తు ఏమిటన్నదే మనం మరచిన ప్రశ్న. రహీం గారు నీతి బోధించలేదు. ఆట నియమాన్ని మార్చారు. నియమం మారగానే నడత మారింది.

ఓటమి చెప్పిన పాఠం

రహీం గారి కథలో విజయాలు మాత్రమే ఉంటే నేను ఈ వ్యాసం వ్రాసేవాణ్ణి కాను. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలకు వెళ్ళిన భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిపోయింది. ఆ ఒక్క గోలూ ఆట ముగిసే వేళకు అహమ్మద్ ఖాన్ చేసినది. చలిదేశంలో మనవారిలో పలువురు బూట్లు లేకుండా ఉత్తకాళ్ళతో ఆడారు. ఏడాది క్రితం ఆసియాకు విజేత అయిన జట్టుకు, అదే శిక్షకుడి చేతిలో, ఇంతటి పరాభవం!

ఇటువంటి సమయంలో మనిషికి రెండు దారులుంటాయి. చలిని, అదృష్టాన్ని, ఆటగాళ్ళను నిందించవచ్చు. లేదా లోపం ఎక్కడున్నదో చూడవచ్చు. ఆ ఓటమి తరువాత మన దేశంలో బూట్లు ధరించి ఆడడం తప్పనిసరి అయింది. రహీం గారు వ్యూహాన్ని కూడా మార్చుకున్నారు. అప్పటివరకు మనకు తెలిసినది వెనుక ఇద్దరు, నడుమ ముగ్గురు, ముందు అయిదుగురు నిలిచే 2–3–5 పద్ధతి. 1953 నవంబరులో హంగరీ జట్టు లండన్ వెంబ్లీ మైదానంలో ఇంగ్లండును 6–3తో ఓడించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరచింది. ఆ జట్టులో హిదెగ్‌కుటి అనే ఆటగాడు ముందువరుస మధ్యలో నిలవవలసినవాడై ఉండి, వెనక్కి జరిగి ఆడాడు. అతణ్ణి కాచుకున్న ప్రత్యర్థి అతని వెంట వచ్చాడు. వచ్చినచోట ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీలోకి మిగిలినవారు దూసుకుపోయారు. ఈ రీతిని రహీం గారు మన జట్టుకు నేర్పారు. ఒకడు వెనక్కి జరిగితే నలుగురికి చోటు దొరుకుతుందన్న మాట మైదానానికే పరిమితమైనది కాదని వేరుగా చెప్పనక్కరలేదు.

నాలుగేళ్ళు గడిచాయి. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోలులు చేశాడు. సెమీఫైనల్లో మళ్ళీ అదే యుగోస్లావియా ఎదురైంది. ఈసారి మొదటి గోలు మనది. చివరకు 4–1తో ఓడినా, నాలుగేళ్ళ క్రితపు 10–1 ఎక్కడ, ఇది ఎక్కడ! మూడో స్థానం ఆటలో బల్గేరియా చేతిలో ఓడి భారత్ నాలుగో స్థానం పొందింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అందుకున్న అత్యున్నత స్థానం నేటికీ అదే. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరామ్ వంటివారు హైదరాబాదు, సికిందరాబాదు మైదానాలలో పెరిగినవారు.

జకార్తా, 1962

రహీం గారి జీవితంలో శిఖరం జకార్తా. 1962 ఆసియా క్రీడలలో తొలి ఆటలోనే మన జట్టు దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడింది. తరువాత థాయిలాండును 4–1తో, జపానును 2–0తో గెలిచింది. థాయిలాండుతో ఆటలో వెనుకవరుసకు ఆయువుపట్టు అయిన జర్నైల్ సింగ్ తలకు పెద్ద దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇంకొక శిక్షకుడైతే అతణ్ణి ఇంటిదారి పట్టించేవాడు. రహీం గారు అతణ్ణి సెమీఫైనల్లో ముందువరుసలో నిలిపారు. కాపలాదారుగా పేరుపొందిన మనిషి దక్షిణ వియత్నాంపై గోలు చేశాడు. మనం 3–2తో గెలిచాము.

ఫైనల్లో మళ్ళీ దక్షిణ కొరియా. రహీం గారు మరో నిర్ణయం తీసుకున్నారు. అంతకు ముందు ఆటలలో గోలు కాచిన ప్రద్యుత్ బర్మన్‌ను పక్కన ఉంచి, జ్వరం నుంచి కోలుకుంటున్న ఆజానుబాహువు పీటర్ తంగరాజ్‌ను నిలిపారు. గెలుపులలో భాగమైనవాణ్ణి అంతిమ ఘట్టంలో కూర్చోమనడం సులభమైన మాట కాదు. జట్టు అవసరం ముందు తన వాటా మరచిపోవడం బర్మన్ చేసిన సేవ. పతకాల పట్టికలలో అటువంటి సేవకు గడి ఉండదు గనుక మనమైనా తలచుకోవాలి.

ఆ రోజు మైదానంలో వాతావరణం కూడా ప్రతికూలమే. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ప్రవేశం నిరాకరించడంపై భారతీయ క్రీడాధికారి గురుదత్ సోంధి అభ్యంతరం చెప్పడంతో జకార్తాలో భారతదేశంపై ఆగ్రహం చెలరేగింది. ఫైనల్‌కు ముందటి రోజు మన రాయబార కార్యాలయంపై గుంపులు దాడి చేశాయి. సెప్టెంబరు 4న సెనయాన్ మైదానంలో దాదాపు లక్షమంది ప్రేక్షకులు. మన జాతీయ గీతం వేళ కూడా ఎగతాళి కేకలు. ఆ జనసముద్రంలో మనవారిని ఉత్సాహపరచినవారిలో హాకీలో మనలను ఓడించి స్వర్ణం గెలిచిన పాకిస్తాన్ ఆటగాళ్ళు ఉన్నారని మన ఆటగాళ్ళు తరువాత కృతజ్ఞతతో చెప్పుకున్నారు. క్రీడలో ప్రత్యర్థి ఉంటాడే కాని శత్రువు ఉండడనడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

ఆట మొదలై ఇరవై నిమిషాలలోపే పి.కె. బెనర్జీ, ఆ వెంటనే తలకు కట్టుతో ఆడుతున్న జర్నైల్ సింగ్ గోలులు చేశారు. కొరియా చివరలో ఒక గోలు తిరిగి ఇచ్చినా, 2–1తో స్వర్ణం మనదైంది. నాయకుడు చునీ గోస్వామి బెంగాలీ. జర్నైల్ పంజాబీ సిక్కు. ఫ్రాంకో గోవావాడు. చంద్రశేఖర్ మలయాళీ. అరుమైనాయగం తమిళుడు. రాం బహదూర్ డెహ్రాడూన్ నుంచి వచ్చినవాడు. యూసుఫ్ ఖాన్ హైదరాబాదీ. బలరామ్ సికిందరాబాదు శివారు అమ్ముగూడ వాడు. ఇళ్ళలో ఇన్ని భాషలు మాట్లాడేవారు మైదానంలో ఒక్క భాష మాట్లాడారు. అది బంతి భాష. రెండు భాషలు మాత్రమే ఉన్న మన జట్టు ఎందుకు చీలిపోయిందో ఈ పేర్లు చదువుతున్నప్పుడు నాకు సిగ్గుతో బోధపడింది.

జకార్తా నాటికే రహీం గారి ఆరోగ్యం దెబ్బతిన్నది. ఏడాది తిరగకముందే, 1963 జూన్ 11న, క్యాన్సర్ వ్యాధితో హైదరాబాదులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలో హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో భారత్ కాంస్యం గెలిచింది. 2023లో జరిగిన హాంగ్‌జౌ క్రీడల వరకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మరో పతకం రాలేదు. 2024లో ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం వచ్చిన తరువాత గాని ఈ మహానుభావుడి పేరు మన విద్యార్థులలో చాలామంది వినలేదు. అయినా ఆయన నేర్పిన విద్య ఆయనతో పోలేదు. ఆయన వద్ద ఆడిన పి.కె. బెనర్జీ స్వయంగా పేరుపొందిన శిక్షకుడై కలకత్తా జట్లనూ దేశపు జట్టునూ తీర్చిదిద్దారు. శిష్యుడు గురువు కావడమే గురువుకు దక్కే అసలు పతకం.

సముద్రాల కావల మరో ఇద్దరు ఉపాధ్యాయులు

ఇదే సూత్రం మరో ఆటలో, మరో దేశంలో కూడా కనబడుతుంది. మన ఆవరణలో కొందరు ఇష్టంగా ఆడే బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టినవాడు కూడా ఒక ఉపాధ్యాయుడే. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, చలికాలంలో గది లోపల ఆడదగిన ఆట కోసం జేమ్స్ నైస్మిత్ వ్యాయామశాల బాల్కనీకి రెండు పండ్ల బుట్టలు బిగించి, తన తరగతిలోని 18 మందిని తొమ్మిదేసి మందిగా విడదీసి ఆడించాడు. ఆయన వ్రాసిన 13 నియమాలలో ఒకటి, బంతి పట్టుకున్నవాడు పరుగెత్తరాదు. ఉన్నచోటి నుంచే మరొకరికి విసరాలి. అంటే బాస్కెట్‌బాల్ పుట్టుకలోనే రహీం గారి నియమం ఉన్నది. బంతిని నేలకు కొడుతూ ముందుకు నడపడం తరువాత వచ్చి చేరిన విద్య.

అదే ఆటలో శిక్షకుడుగా జగత్ప్రసిద్ధుడైన జాన్ వుడెన్ తొలుత పాఠశాలలో ఇంగ్లీషు ఉపాధ్యాయుడు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం జట్టుకు 1964–1975 నడుమ పన్నెండేళ్ళలో పది జాతీయ విజయాలు సాధించిపెట్టాడు. ఆయన ప్రతి సంవత్సరం మొదటి రోజున ఆటగాళ్ళకు నేర్పే పాఠం మేజోళ్ళు ముడత లేకుండా తొడగడం, బూటు తాళ్ళు బిగించడం! పాదానికి బొబ్బ ఎక్కితే ఆట సాగదు గదా. ఆయన పెట్టిన ఇంకొక ఆచారం నాకు మరీ నచ్చింది. గోలు చేసినవాడు తనకు బంతి అందించినవాడివైపు చూచి తల ఊపో, సైగ చేసో ఋణం ఒప్పుకోవాలి. చప్పట్లు ప్రేక్షకులవి; కృతజ్ఞత ఆటగాడిది.

ఇక మన మైదానం

విద్యార్థి మిత్రులారా, ఇంత చదివిన తరువాత నేను ఊరుకోలేదు. వ్యాసం వ్రాయడానికి ముందు ఒక సాయంత్రం జట్టులో అందిన పదిమందిని మైదానానికి పిలిచి, మాధ్యమాలు కలిపి అయిదుగురేసి చొప్పున విడదీసి, డ్రిబ్లింగ్ కూడదన్న ఒక్క నియమంతో ఆడించాను. మొదటి పావుగంట నవ్వులు, తప్పులు, అలకలు. బంతి చేతికి వచ్చిన తేలు లాగా ఎవరి దగ్గరా నిలవలేదు. తరువాత ఒక చిన్న సంగతి జరిగింది. ఉర్దూ మాధ్యమం కుర్రవాడి కాలికి బంతి వచ్చింది. ఖాళీగా ఉన్నవాడు తెలుగు మాధ్యమం వాడు ఒక్కడే. వేరే దారి లేక అతనికే ఇచ్చాడు. అతడు తిరిగి ఇచ్చాడు. గోలు అయింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూచుకుని నవ్వారు. సంవత్సరమంతా ఒకే ఆవరణలో తిరిగిన ఆ ఇద్దరికీ అంతవరకు ఒకరి పేరు ఒకరికి తెలియదని తరువాత తెలిసింది.

ఆట ముగిశాక నిరుటి నాయకుడు నా దగ్గరకు వచ్చి, “సార్, బంతి నా దగ్గర లేనప్పుడు ఏం చేయాలో నాకు ఇంతవరకూ తెలియదు” అన్నాడు. అతని మాటలో దాపరికం లేదు. ఆ తప్పు అతనిది కాదు, నాదే. అతనికి పదవి ఇచ్చాను గాని పని చెప్పలేదు. బాగా ఆడేవాడు వేరు, ఆడించేవాడు వేరు అన్న తేడా నేను గమనించలేదు. నాయకుడంటే ముందు నిలిచేవాడని మన అభిప్రాయం. రహీం గారి జట్లను చూస్తే, వల దగ్గర ఆ పెద్దాయనను చూస్తే, ఇతరులకు చోటు కల్పించేవాడే నాయకుడని తెలుస్తుంది.

కళాశాల కార్యనిర్వాహక వర్గం వారికి మూడు మనవులు చేసి ముగిస్తాను. ఇందులో ఏదీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు.

మొదటిది, చలికాలంలో ఒక వారంపాటు డ్రిబ్లింగ్ లేని ఫుట్‌బాల్ పోటీలు జరిపించాలి. జట్లను తరగతులవారీగా గాని, మాధ్యమాలవారీగా గాని కాకుండా చీట్లు వేసి కలపాలి. బహుమతికి కప్పు అక్కరలేదు. బాగా అందించినవాడి పేరు ఉదయపు సమావేశంలో చదివితే చాలును.

రెండవది, జట్టు నాయకుణ్ణి అధ్యాపకుడు ఒక్కడే నిర్ణయించే పద్ధతి మానాలి. ఒక నెల సాధన తరువాత ఆటగాళ్ళనే అడగాలి. వారిని అడగవలసిన ప్రశ్న, ఎవరు బాగా ఆడతారు అని కాదు. ఎవరి పక్కన ఆడితే నీవు బాగా ఆడగలవు అని.

మూడవది, వారంలో రెండు సాయంత్రాలు మైదానాన్ని విద్యార్థినులకు ప్రత్యేకించాలి. వారికి బాస్కెట్‌బాల్, త్రోబాల్ ఆడాలని ఉన్నది. చోటూ, వేళా లేక ఆగిపోయారు. సగంమంది గట్టుమీద కూర్చుంటే మిగిలిన సగాన్ని జట్టు అనడం న్యాయం కాదు.

మైదానానికి కేటాయించిన వేళ చదువుకు నష్టమని కొందరు పెద్దలు భావించవచ్చు. తన బడిలో పాఠాలు చెప్పిన చేతితోనే దేశానికి రెండు ఆసియా స్వర్ణాలు తెచ్చిన ఉపాధ్యాయుడి జీవితమే దానికి సమాధానం. పుస్తకంలో మనిషి తనకు తాను నేర్చుకుంటాడు. మైదానంలో తన పక్కవాణ్ణి నేర్చుకుంటాడు. ఈ రెండు చదువులూ కావాలి.

ఈ సంవత్సరం సాధన మొదలైన తొలిరోజున నేను ముందుగా గోలు కాచే ఆ కుర్రవాడి దగ్గరకు వెళ్ళి, నిరుటి ఆటలో అతనికి ఏమి కనిపించిందో అడిగాను. అతడు దాదాపు అరగంట చెప్పాడు. నేను కాగితం మీద వ్రాసుకున్నాను.